సార్ ఉన్నారా?

గోడ అవతల కంప్యూటర్ మూడుసార్లు కూసింది. కాస్త ఆగి మళ్లీ మూడుసార్లు. చిన్నకోడలు హెడ్‌ఫోన్స్‌ని ఒక చెవి మీద నుంచి పక్కకి జరిపి వింది. ర్యామ్, అనుకుంది. పక్కింట్లో ఎవరో తుమ్మితే జలుబు చేసింది కాబోలు అనుకోవడానికి ఎంతసేపు పడుతుందో, ఆమెకి అది తెలియడానికీ అంతసేపే పట్టింది.

ఆమె ఉద్యోగమే అది. కంప్యూటర్లు మొరాయించినవాళ్లు ఒక సైటులో తమ గోడు రాసుకుంటారు. ఆమె ‘స్క్రూడ్రైవర్’ అన్న పేరుతో జవాబులు రాస్తుంది. ఫలానా వైరు తీసి పెట్టండి, ఫలానా మీట నొక్కి పట్టుకోండి అని. అందరూ ఆమెని సార్ అనే పిలుస్తారు. మొదట్లో సరిదిద్దుదామనుకుంది. కానీ మీరెవరో, ఎక్కడివారో బయటపెట్టకూడదని సంస్థ నియమం. పైగా మేడమ్ అని తెలిసిన మరుక్షణం, ‘ఇంకెవరైనా ఉన్నారా?’ అని అడుగుతారని పాతవాళ్లు చెప్పారు. దాంతో సార్‌గానే ఉండిపోయింది.

కూతలు ఆగలేదు. ఆమె లేచి ముందుగది గుమ్మం దాకా వెళ్లింది.

ముందుగది బావగారిది. స్కూళ్లకి ఐడీ కార్డులు, దుకాణాలకి విజిటింగ్ కార్డులు అక్కడ కూర్చునే చేస్తారు. తోటికోడలు బ్యాంకు ఉద్యోగం మీద వేరే ఊళ్లో ఉంటుంది, సెలవులకి వస్తుంది. ఉద్యోగమంటే అదీ అని బావగారు వచ్చినవాళ్లందరికీ చెబుతుంటారు. ఇంట్లో కూర్చుని చెవులకి డొప్పలు తగిలించుకునేది ఉద్యోగం కిందికి రాదని ఆయన నమ్మకం. నెట్ కనెక్షన్ ఆయన పేరు మీదే ఉంది. దాని రూటర్ డబ్బా ఆయన బల్ల మీద ఉంటుంది. దాని నుంచి ఒక నీలం వైరు గోడకి వేసిన కన్నంలోంచి చిన్నకోడలి గదిలోకి వస్తుంది. ఆమె ఉద్యోగం ఆ వైరు చివర ఉంది.

“బావగారూ, అది ర్యామ్ సరిగా కూర్చోక వచ్చే శబ్దం. ఒకసారి తీసి పెడితే...”

బావగారు ఆమె వైపు తిరగలేదు. ఆమెతో ఆయన నేరుగా మాట్లాడరు. పెళ్లయి వచ్చిన కొత్తలో అది మర్యాద అనుకుంది. తర్వాత అలవాటు అనుకుంది. ఇప్పుడు మాత్రం అది అచ్చంగా పొగరేనని తేల్చుకుంది. ఆయన చెప్పదలచుకున్నది పక్కనున్న తల్లికి చెబుతారు. వినాల్సినవాళ్లు రెండడుగుల దూరంలో నిలబడి వింటారు.

“అమ్మా, ముట్టుకున్నది చాలు, మళ్లీ వైద్యం కూడా చెయ్యొద్దని చెప్పు ఆవిడకి. నిన్న మధ్యాహ్నం దీని మీద కూర్చుంది. ఇవాళ ఇది పోయింది. చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు ఎవరి వల్ల పోయిందో.”

“నేను ఒక్క కాగితం ప్రింటు తీశాను, అంతే. సరిగ్గానే ఆపాను కూడా,” అంది చిన్నకోడలు.

ఆ కాగితం అత్తగారి రక్తపరీక్ష రిపోర్టు. డాక్టరు చూపించమన్నాడు, కాస్త తీసిపెట్టమ్మాయ్ అని అడిగింది అత్తగారే. ఆవిడ ఇప్పుడు కుర్చీలో కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటోంది. ఎంత తుడిచినా దాని మీది మరక పోవడం లేదు కాబోలు, తల ఎత్తలేదు.

“సోమవారానికి స్కూలు కార్డులు ఇవ్వాలి. ఎలా ఇస్తానో నాకే తెలీదు,” అన్నారు బావగారు. “ఒకటి మాత్రం చెప్పమ్మా. ఇంట్లో కంప్యూటర్లు ముట్టుకునేవాళ్లు ఇక ఎక్కువైపోయారు. ఈ ఆదివారం ఆ నీలం వైరు పీకేస్తున్నాను.”

“వింటున్నావుగా,” అంది అత్తగారు కోడలితో, కళ్లజోడు పెట్టుకుంటూ.

వినకపోవడానికి ఆమె చెవులకేం కాలేదు. వైరు పోతే ఉద్యోగం పోతుంది. ఫోన్ నెట్‌తో సంస్థవాళ్లు సైటు లోపలికి రానివ్వరు, వైఫై ఆ గదిలోకి అందదు. చేరినప్పటి నుంచి ఇంకా పరీక్షాకాలమే నడుస్తోంది. ఒకసారి కరెంటు పోయి లైను తప్పినందుకే టీమ్ లీడర్ ఇంకోసారి ఇలా అయితే కష్టమంది. ఆవిడ నోట కష్టం అంటే ఇంటికి వెళ్లమనే అర్థం.

మధ్యాహ్నం అన్నాలయ్యాక కొత్త ప్రశ్నలు తెరిచి చూస్తోంది. ఒకదాని దగ్గర మౌస్ ఆగిపోయింది.

‘కంప్యూటర్ ఆన్ చేస్తే బీప్ బీప్ అంటోంది. తెర మీద ఏమీ రావడం లేదు. అర్జెంటు.’ కింద ఒక ఫొటో. పక్క రేకు ఊడదీసిన సీపీయూ డబ్బా, అది పెట్టిన బల్ల. బల్ల అంచున ఇస్త్రీపెట్టె కాల్చిన త్రికోణం మచ్చ. ఆ మచ్చ పెట్టింది ఆమే, ఈ ఇంటికి వచ్చిన కొత్తలో. వెనకాల కిటికీకి ఆకుపచ్చ కర్టెన్. దాని అంచు తిరగేసి కుట్టిందీ ఆమే. ఊళ్లో ఇంతమంది ఉండగా ఈ పీడ తన వాటాకే రావాలా అనుకుంది. అయినా అంత ఆశ్చర్యం అక్కర్లేదు. తెలుగులో అడిగితే తెలుగులో చెప్పే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వెతికితే మొదట వచ్చేది వీళ్ల సైటే. ఇక తమ్ముడి భార్య ఎక్కడ పనిచేస్తోందని బావగారు ఏనాడూ అడిగి ఎరగరు.

కింద ఇంకా ఉంది.

‘మా ఇంట్లో ఒకావిడ ఉంది సార్, తమ్ముడి భార్య. కంప్యూటర్ పని అని చెప్పి రోజంతా తలుపేసుకుని కూర్చుంటుంది. ఏమీ రాదు. నిన్న నా సిస్టమ్ ముట్టుకుంది, ఇవాళ పోయింది. షాపువాడికి ఇస్తే లోపలి సామాను మార్చేస్తాడని భయం. పెద్దవారు మీరే దారి చూపించాలి.’

అప్పటికే ఎవరెవరో చేరి కింద రాసేశారు. ‘ఆడవాళ్ల చేతికిస్తే అంతే బ్రదర్’ అని ఒకరు. ‘ముందు ఆవిడకి పాస్‌వర్డ్ పెట్టండి’ అని ఒకరు. దానికి పదిమంది నవ్వు బొమ్మలు.

చిన్నకోడలికి ఒళ్లు మండిపోయింది. చెంపలు, చెవులు, ఆఖరికి కీబోర్డు మీద పెట్టిన వేళ్లు కూడా వేడెక్కాయి. ఆ ప్రశ్నని వదిలేయొచ్చు, ఇంకో ఉద్యోగి తీసుకుంటారు. ఆ మాట మనసులోకి వచ్చినంత వేగంగా పోయింది. ‘నేను తీసుకుంటున్నాను’ అన్న మీట నొక్కింది. సిబ్బందిలో ఒకరు తీసుకున్నాక బయటివాళ్లు సలహాలివ్వడానికి లేదు. వెక్కిరించడానికి మాత్రం అడ్డేమీ లేదు.

మొదటి వాక్యం ఏం రాయాలో సంస్థ ముందే నేర్పి పెట్టింది. పళ్లు బిగించి అదే రాసింది.

‘నమస్కారం. మీ ఇబ్బంది మాకు అర్థమైంది. మీకు సాయపడటం మాకు సంతోషం.’

గోడ అవతల ఫోను టింగుమంది. కుర్చీ కిర్రుమంది.

‘నమస్కారం సార్. చాలా థ్యాంక్స్ సార్. మీలాంటి పెద్దలు ఉండబట్టే మాలాంటివాళ్లం బతుకుతున్నాం సార్.’

ఇన్నాళ్లుగా ఒకే చూరు కింద ఉంటూ బావగారు ఆమెకి నేరుగా చెప్పిన మొదటి మాట అది. ఆమె దాన్ని రెండోసారి కూడా చదివింది.

జవాబు ఆమెకి తెలుసు. కరెంటు తీసేయాలి, ర్యామ్ ముక్క బయటికి తీయాలి, దాని అంచున ఉండే బంగారు రంగు గీతల్ని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దాలి, రెండు వైపులా టక్కుమనేదాకా నొక్కి పెట్టాలి. టీ చల్లారేలోపు అయిపోతుంది. పొద్దున గుమ్మంలో నిలబడి చెప్పబోయింది కూడా ఇదే.

ఆమె అది రాయలేదు. ‘ముందుగా డబ్బాకి ఉన్న వైర్లన్నీ తీసేయండి. ప్రతిదాన్నీ పొడిగుడ్డతో తుడవండి. బల్ల కింద ఉన్న ప్లగ్గులు కూడా. అన్నీ మళ్లీ పెట్టి, ఫొటో తీసి పంపండి,’ అని రాసింది.

బావగారు భారీ మనిషి. బల్ల కిందికి దూరడం ఎంత కష్టమో గోడ ఇవతలికి బాగా వినబడింది. “అమ్మా, ఆ టార్చి ఇలా పట్టు. ఇలా కాదు, ఇటు. అబ్బ, తల,” అని. ఠంగుమని బల్ల మోగింది. చిన్నకోడలు హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్లో పెట్టుకుని మరీ వింది. వేరే ఊరాయనెవరో ప్రింటర్ గురించి అడుగుతుంటే ఆయనకి చకచకా చెప్పేసి మళ్లీ ఇటు చెవి పెట్టింది. తప్పేనని తెలుసు. తెలిసినా హాయిగానే ఉంది.

మర్నాడు ప్రింటరు వైరు మార్చి చూడమంది. తర్వాత వేరే ప్లగ్గులో పెట్టి చూడమంది. ఆ ప్లగ్గు వంటింట్లో ఉంది. బావగారు ఆ డబ్బాని చంటిపిల్లని మోసినట్టు మోసుకుంటూ ఆమె పక్కనుంచే వంటింట్లోకి వెళ్లారు, మళ్లీ మోసుకుంటూ వెనక్కి వచ్చారు. “ఆ సార్ ఎంత ఓపిగ్గా చెబుతున్నారో చూడమ్మా. విషయం ఉన్నవాడు అలా ఉంటాడు,” అన్నారు ఆయాసపడుతూ. అత్తగారు అవునంది. చిన్నకోడలు పప్పు గిన్నె మీద మూత పెట్టింది.

సాయంత్రానికి ఆమెకే విసుగొచ్చింది. ఆట చాలనిపించింది. పైగా ఒక సంగతి మనసులో మెదులుతూనే ఉంది. ముందురోజు వరకు బాగున్న ర్యామ్ ఉన్నట్టుండి కదలదు. డబ్బా విప్పితే తప్ప. ఆమె విప్పలేదు. మరి ఎవరు విప్పినట్టు? ప్రతి ఒక్కరినీ అడగాల్సిన ప్రశ్నే ఇది. ఈయన్ని అడగడం మానేసింది తనే.

‘ఒక ముఖ్యమైన ప్రశ్న. ఇది పాడవక ముందు డబ్బాని ఎవరైనా విప్పారా? డాక్టరు దగ్గర దాచకూడదు. నిజం తెలిస్తేనే ముందుకి వెళ్లగలం.’

తర్వాత వచ్చిన జవాబు అందరికీ కనబడేచోట కాదు, సిబ్బందికి మాత్రమే కనబడే పెట్టెలో వచ్చింది.

‘సార్, ఇది మీకు మాత్రమే. మొన్న సాయంత్రం నేనే విప్పాను. స్పీడు పెరుగుతుందని ఒక వీడియోలో చూసి ఆ ముక్కలు పీకి తడిగుడ్డతో తుడిచి పెట్టాను. అప్పటి నుంచే ఇలా అయింది. ఇంట్లో చెప్పలేదు సార్. పరువు పోతుంది. మీరు కూడా బయట రాయొద్దు.’

ఆమె చదివింది. మనిషన్నవాడు తప్పు చేస్తాడు, కప్పిపుచ్చుకుంటాడు, అదీ సరే. కానీ ఆ తప్పుని తెచ్చి ఇంకొకరి నెత్తిన పెట్టి, ఆ పేరు మీద వాళ్ల తిండి కూడా లాక్కుంటానంటే ఏమనాలి? ఎవరో మొహం కూడా తెలియని సార్ దగ్గర ఇంత నిజాయితీపరుడు, రెండడుగుల దూరంలో ఉన్న మనిషి దగ్గర ఇలాగా? ‘సరే. తర్వాతి మెట్టు రేపు చెబుతాను,’ అని మాత్రం రాసింది.

ఆ పూట భోజనాల దగ్గర ఆయన గొంతులో తేడా ఏమైనా ఉంటుందేమోనని చూసింది. లేదు.

“ఆవిడ చేతుల్లో ఏముందో గానీ అమ్మా, ఏది ముట్టుకున్నా అంతే. మొన్న మిక్సీ, ఇవాళ ఇది,” అన్నారు అన్నం కలుపుకుంటూ.

మిక్సీ అత్తగారి చేతిలో కాలింది. అత్తగారు కూర వడ్డిస్తూ, “కొంచెం పులుపు తగ్గినట్టుంది,” అంది.

చిన్నకోడలు భర్త వైపు చూసింది. మందుల షాపులో పొద్దుటి నుంచి నిలబడి వచ్చిన మనిషి, తల వంచుకుని తింటున్నాడు. గదిలోకి వచ్చాక అడిగింది.

“డబ్బా బావగారే విప్పారేమోనని మీకెప్పుడైనా అనిపించిందా?”

“అన్నయ్యా? విప్పి నీ మీద చెబుతాడా? మతుండే మాట్లాడుతున్నావా?”

“మరి నేను చెడగొట్టానంటే నమ్మారుగా. అది మాత్రం ఏ మతితో?”

“నువ్వెందుకసలు ముట్టుకున్నావు? ముట్టుకోకపోతే ఈ గొడవే లేదుగా. వైరు తీసేస్తే తీసేయనీ. నాలుగు రోజులు పోతే వాడే చల్లబడతాడు.”

“నా ఉద్యోగం అన్నాళ్లు ఆగదు.”

అతను అటు తిరిగి పడుకున్నాడు. బావగారి సందేశం ఆమె కంప్యూటర్‌లో ఉంది. లేపి కళ్ల ముందు పెట్టొచ్చు. కానీ ఒకరు నమ్మి రాసింది ఇంకొకరికి చూపిస్తే ఉద్యోగంలోంచి తీసేస్తారు. తీసేయకపోయినా ఆమె చూపించేది కాదు. చూపిస్తే తప్ప నమ్మని మొగుడికి చూపించి మాత్రం ఏం లాభం అనుకుంది. ఆ అనుకోవడం ఆమెకి మిగతా అన్నిటికంటే ఎక్కువ కష్టం కలిగించింది.

ఆదివారం దాకా బావగారు ఆగలేదు. మర్నాడు పొద్దున ఆమె పనిలో కూర్చుని ఎవరికో జవాబు రాస్తుండగా అక్షరాలు ఆగిపోయాయి. తెర మూలనున్న ఆకుపచ్చ దీపం ఆరిపోయింది. నీలం వైరు బిగిసి ఆమె కంప్యూటర్‌లోంచి ఊడింది, జారింది, గోడ కన్నంలోంచి అవతలి వైపుకి వెళ్లిపోయింది.

ఫోను మోగింది. టీమ్ లీడర్.

“నా తెర మీద మీ పేరు ఎర్రగా కనబడుతోంది, లైను తప్పారు. ఏంటిది మళ్లీ?”

“ఇంట్లో వైరు తీసేశారండీ. మాట్లాడి పెట్టిస్తాను.”

“పెట్టించుకోండి. సాయంత్రంలోగా లైన్లోకి రాకపోతే మీ స్థానంలో వేరేవాళ్లని చూసుకుంటాను. ఇంటి గొడవలు నాకు చెప్పొద్దు.”

ఆమె హెడ్‌ఫోన్స్‌ని చుట్టి బల్ల మీద పెట్టింది. వంటింట్లోకి వెళ్లి చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీయడం మొదలుపెట్టింది. పని వేళలో ఆమె అక్కడ కూర్చోవడం అత్తగారికి వింతగా ఉన్నట్టుంది. “ఇవాళ తీరికేనా?” అంది.

“తీరిక చేశారుగా,” అంది.

ముందుగదిలో బావగారు ఫోను చూస్తున్నారు, పెడుతున్నారు, మళ్లీ చూస్తున్నారు. గుమ్మం దాకా వెళ్లి వస్తున్నారు. మధ్యాహ్నానికి ఆయన చెప్పులు లేని అడుగుల చప్పుడు వంటింటి దాకా వచ్చింది.

“ఆ సార్ పలకడం లేదమ్మా. పొద్దుటి నుంచి సార్ ఉన్నారా, సార్ ఉన్నారా అని రాస్తూనే ఉన్నాను. రేపు చెబుతానన్నారు. అంత పెద్దమనిషి మాట తప్పడే. ఏమైందో ఏమో. అక్కడ కార్డుల కోసం స్కూలువాళ్లు నా ప్రాణం తోడేస్తున్నారు.”

“ఇంకొకరిని అడగరాదూ?” అంది అత్తగారు.

“ఆయన తీసుకున్నది ఇంకొకరు ముట్టుకోరుట. పైగా ఆయనకి అంతా చెప్పాను నేను.”

చిన్నకోడలు చిక్కుడుకాయ ఈనె చివరిదాకా లాగి పక్కన పెట్టింది. బావగారి వైపు తిరగలేదు. ఆయన మాట్లాడే పద్ధతి ఇన్నాళ్లుగా చూసి చూసి ఆమెకీ వచ్చేసింది.

“అత్తయ్యా, నీలం వైరు పెడితే ఆ సార్ పలుకుతారని చెప్పండి ఆయనకి.”

“ఏమిటీ?” అంది అత్తగారు.

“స్క్రూడ్రైవర్ సార్ వైరు ఆ గోడ కన్నంలోంచే వస్తుంది. పొద్దున పీకేశారు. తిరిగి పెడితే పలుకుతారు. పెట్టకపోతే లేదు. అంతే చెప్పండి.”

స్క్రూడ్రైవర్ అన్న పేరు బావగారు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆయన మొహం మొదట అర్థం కానట్టు అయింది. తర్వాత అర్థమైనట్టు అయింది. ఆ తర్వాత ఏం గుర్తొచ్చిందో, మెడ దాకా ఎర్రబడింది. తలుపు చెక్కని పట్టుకుని నిలబడ్డారు.

“ఏమంటోందిరా ఇది?” అంది అత్తగారు.

ఆయన వెనక్కి తిరిగి ముందుగదిలోకి వెళ్లిపోయారు. చిన్నకోడలు మిగిలిన కాయలు కూడా వలిచింది. పెట్టకపోతే ఉద్యోగమూ పోతుంది, తానెవరో చెప్పుకున్న తప్పూ మిగులుతుంది. చేతులు కడుక్కుని గదిలోకి వెళ్లింది. గోడ కన్నంలోంచి నీలం వైరు మెల్లగా ఇవతలికి వస్తోంది. తగిలించింది. ఆకుపచ్చ దీపం వెలిగింది.

‘సార్ ఉన్నారా’లు తెర నిండా ఉన్నాయి. ఆమె కిందికి దించి రాసింది. ఈసారి నమస్కారం రాయలేదు.

‘ఉన్నాను. మీకు పెన్సిల్ రబ్బరు కావాలి. వంటింటి గడియారం కింద సొరుగులో ఉంది. దానికి ముందు ఇంకో మెట్టు ఉంది. డబ్బా ఎవరు విప్పారో మీ అమ్మగారికి చెప్పండి. అది అయ్యాకే రబ్బరు.’

గోడ అవతల ఫోను టింగుమంది. కుర్చీ మాత్రం కిర్రుమనలేదు. ఆమె గోడకేసి చూస్తూ కూర్చుంది. ఎంతకీ కదలడేం అనుకుంది. కదలకపోతే తనకిక రాయడానికి ఏమీ లేదు.

చివరికి అడుగులు వినిపించాయి. వంటింట్లో ఆయన గొంతు, అలవాటు లేని మెల్లదనంతో.

“అమ్మా. అది... ఆ అమ్మాయి కాదు. నేనే విప్పాను.”

“ఏది విప్పావు?”

“కంప్యూటర్. తడిగుడ్డతో తుడిచాను. అందుకే పోయింది.”

అత్తగారు చేతిలో గిన్నె కింద పెట్టింది. తర్వాత, “ఆ రోజు అది ముట్టుకున్నది కూడా నా కాగితం కోసమేరా,” అంది. ఆ మాట అప్పుడే అని ఉంటే ఎంత బాగుండేదో అనుకుంది చిన్నకోడలు. కోపం తగ్గలేదు. సొరుగు లాగిన చప్పుడు, వెతికిన చప్పుడు, మూసిన చప్పుడు వినిపించాయి.

ఈసారి అడుగులు ముందుగదికి వెళ్లలేదు. ఆమె గది గుమ్మం దగ్గర ఆగాయి. ఒక చేతిలో పచ్చటి ర్యామ్ ముక్క, ఇంకో చేతిలో అరిగిపోయిన రబ్బరు. ఆ గుమ్మంలో ఆయన నిలబడటం ఆమె ఎప్పుడూ చూడలేదు.

“ఏ వైపు రుద్దాలి?” అన్నారు.

వెనకనుంచి అత్తగారు అలవాటుగా అందుకుంది. “ఏ వైపు రుద్దాలో అడుగుతున్నాడు అమ్మాయ్...”

“మీరు చెప్పక్కర్లేదు అత్తయ్యా,” అంది చిన్నకోడలు, కుర్చీ ఇటు తిప్పి. “నన్నే అడిగారు.”